మధ్యలో ఆ 250 జీబీ ఫైల్ ఎందుకు? ఫ్రేమ్‌సర్వింగ్‌ని పాత టెక్నాలజీ అని పక్కన పెట్టేయకండి

ల్యాప్‌టాప్ రివ్యూ ఏది తీసుకున్నా ఒక లైన్ తప్పకుండా కనిపిస్తుంది: "పది నిమిషాల 4కే వీడియో ఇన్ని నిమిషాల్లో ఎక్స్‌పోర్ట్ అయింది." ఆ ఒక్క అంకె చూసి ప్రాసెసర్ ఎంచుకునేవాళ్లు ఉన్నారు, గ్రాఫిక్స్ కార్డు మార్చేవాళ్లు ఉన్నారు, ఇంకో టెరాబైట్ ఎస్ఎస్‌డీ కొనేవాళ్లూ ఉన్నారు. కానీ ఆ అంకెలో రెండు వేర్వేరు పనులు కలిసిపోయి ఉంటాయి.

మొదటి పని రెండర్. టైమ్‌లైన్ మీద మీరు పెట్టిన కట్స్, టైటిల్స్, కలర్ కరెక్షన్ అన్నీ కలిపి ఒక్కో ఫ్రేమ్‌ని తయారుచేయడం. రెండో పని ఎన్‌కోడ్. అలా తయారైన ఫ్రేముల్ని హెచ్.264 లాంటి ఫార్మాట్‌లోకి కుదించి ఫైల్‌గా రాయడం. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ మొదటి పనిలో దిట్ట. రెండో పనిలో కూడా అదే దిట్ట అవ్వాలని రూలేం లేదు. అందుకే ఎడిటింగ్ ఒక సాఫ్ట్‌వేర్‌లో చేసి, ఎన్‌కోడింగ్ ఇంకో సాఫ్ట్‌వేర్‌తో చేయించుకోవాలనుకునేవాళ్లు మొదట్నుంచీ ఉన్నారు.

ఇక్కడే అసలు ప్రశ్న వస్తుంది. ఫ్రేముల్ని ఒక సాఫ్ట్‌వేర్ నుంచి ఇంకోదానికి ఎలా చేర్చాలి? ఎక్కువమంది చేసేది మధ్యలో ఒక పెద్ద ఫైల్ రాయడం. ఆ ఫైల్ అవసరం లేకుండానే ఫ్రేముల్ని నేరుగా అందించే పద్ధతే ఫ్రేమ్‌సర్వింగ్. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: ఇది పాతబడిన చిట్కా కాదు. ప్రతి ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లోనూ ఒక బటన్‌గా ఉండాల్సిన సౌకర్యం. అది లేకపోవడం వల్ల పడే ఖర్చు చిన్న స్టూడియోలు, సొంతంగా వీడియోలు చేసుకునేవాళ్లు భరిస్తున్నారు.

మధ్య ఫైల్ ఎంత పెద్దది?

లెక్క వేసి చూద్దాం. 1920×1080 సైజులో ఒక ఫ్రేమ్‌కి పిక్సెల్‌కి 2 బైట్ల చొప్పున దాదాపు 4.15 ఎంబీ పడుతుంది. సెకనుకి 25 ఫ్రేములంటే దాదాపు 104 ఎంబీ. గంటకి 373 జీబీ. మన దగ్గర పెళ్లి వీడియో మూడు గంటలు ఉండటం మామూలే కదా. అలాంటి వీడియోని కంప్రెషన్ లేకుండా రాస్తే 1.1 టీబీ దాటిపోతుంది. అదే 4కేలో అయితే దీనికి సరిగ్గా నాలుగు రెట్లు.

కంప్రెషన్ లేకుండా ఎవరూ రాయరులే, అందుకేగా ప్రోరెస్ ఉన్నది అంటారా? ప్రోరెస్ 422 హెచ్‌క్యూ 1080లో, 25 ఫ్రేముల దగ్గర, గంటకి దాదాపు 83 జీబీ తీసుకుంటుంది. మూడు గంటలకి 249 జీబీ. మామూలు ప్రోరెస్ 422 అయినా 165 జీబీ. చివరికి కస్టమర్ చేతికి వెళ్లే ఫైల్ 8 ఎంబీపీఎస్‌లో చేస్తే 11 జీబీ కూడా ఉండదు. 11 జీబీ ఫైల్ కోసం 249 జీబీ ఫైల్ రాసి, మళ్లీ దాన్ని చదివి, పని అయ్యాక డిలీట్ చేస్తున్నామన్నమాట.

కళ్లంలో నూర్చిన ధాన్యాన్ని ముందు గోదాములో దింపి, మళ్లీ బండికెత్తి మిల్లుకి తోలడం లాంటిది ఇది. గోదాముతో నిజంగా అవసరం ఉంటే సరే. అవసరం లేనప్పుడు బండి నేరుగా మిల్లుకే వెళ్లొచ్చు.

ఫ్రేమ్‌సర్వింగ్ ఎలా పనిచేస్తుంది?

విండోస్‌లో బాగా తెలిసిన ఉదాహరణ డీబగ్‌మోడ్ ఫ్రేమ్‌సర్వర్. ప్రీమియర్, వేగాస్ లాంటి సాఫ్ట్‌వేర్లలో ఇది ఒక ఎక్స్‌పోర్ట్ ఫార్మాట్‌లా కనిపిస్తుంది. దాన్ని ఎంచుకుంటే ఒక ఏవీఐ ఫైల్ తయారవుతుంది. చూడ్డానికి వీడియో ఫైలే, కానీ లోపల బొమ్మలుండవు. అది దారి చూపే బోర్డు మాత్రమే. ఎన్‌కోడర్ ఆ ఫైల్‌ని తెరిచి "నాకు 1500వ ఫ్రేమ్ కావాలి" అని అడిగితే, ఆ అడగడం వెళ్లి ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌ని తడుతుంది. అది అప్పటికప్పుడు ఆ ఫ్రేమ్‌ని రెండర్ చేసి ర్యామ్ ద్వారా అందిస్తుంది. డిస్క్ మీద ఏమీ రాయదు. ఆడియోని మాత్రం కావాలంటే అదే ఫైల్‌లో మామూలు పీసీఎమ్‌గా రాసుకోవచ్చు. మూడు గంటల స్టీరియో ఆడియోకి దాదాపు 2 జీబీ. 249 జీబీ ఎక్కడ, 2 జీబీ ఎక్కడ?

ఈ ఆలోచన పుట్టిన కాలం వేరు. హార్డ్ డిస్క్ మొత్తం కలిపినా కొన్ని పదుల జీబీ దాటని రోజులవి. ఫ్యాట్32 డిస్క్ మీద 4 జీబీ మించి ఒక్క ఫైల్ కూడా రాయలేం. పాత ఏవీఐకైతే 2 జీబీ దగ్గరే అడ్డుకట్ట. అందుకే వర్చువల్‌డబ్‌లో ఫ్రేమ్‌సర్వర్ వచ్చింది, 2000లో ఏవీసింత్ మొదలైంది. ఏవీసింత్‌ది ఇంకా తమాషా పద్ధతి. నాలుగు లైన్ల టెక్స్ట్ స్క్రిప్ట్ రాస్తే చాలు, మిగతా సాఫ్ట్‌వేర్లకి అది వీడియో ఫైల్‌లాగే కనిపిస్తుంది. తర్వాత 2012లో పైథాన్‌తో నడిచే వేపర్‌సింత్ వచ్చింది. ఏవీసింత్ కూడా ఏవీసింత్ ప్లస్ పేరుతో కొనసాగుతోంది.

డిస్కులు పెద్దవయ్యాయి కాబట్టి దీని పని అయిపోయిందని చాలామంది అనుకుంటారు. కానీ డిస్కులతో పాటు వీడియోలూ పెద్దవయ్యాయి. అప్పట్లో వీసీడీ కోసం చేసిన వీడియో 352×288 సైజు. ఇప్పుడు జేబులో ఉన్న ఫోనే 4కే తీస్తోంది. పిక్సెల్స్ లెక్కన చూస్తే 80 రెట్లకి పైనే.

బయటి ఎన్‌కోడర్ ఎందుకు కావాలి?

"ప్రీమియర్‌లోనే హెచ్.264 ఉంది కదా, ఇంత తంటా ఎందుకు?" న్యాయమైన ప్రశ్నే.

జవాబు సీఆర్ఎఫ్. ప్రీమియర్ సొంత హెచ్.264 ఎక్స్‌పోర్ట్‌లో మీరు చెప్పేది బిట్‌రేట్: సెకనుకి ఇన్ని మెగాబిట్లు అని. ఎక్స్264 ఎన్‌కోడర్‌లోని సీఆర్ఎఫ్ పద్ధతిలో మీరు చెప్పేది నాణ్యత. బొమ్మ ఈ స్థాయిలో ఉండాలి, దానికి ఎన్ని బిట్లు కావాలో నువ్వే చూసుకో అని. పురోహితుడు కూర్చుని మంత్రాలు చదువుతున్న షాట్‌కి తక్కువ బిట్లు చాలు. తలంబ్రాలు పోసుకునేటప్పుడు గాల్లో ఎగిరే బియ్యం, సంగీత్‌లో తిరిగే ఎల్ఈడీ లైట్లు, బరాత్‌లో పొగ.. వీటికి చాలా కావాలి. బిట్‌రేట్ ఒకే లెక్కన పెడితే మొదటి దాంట్లో వృథా, రెండో దాంట్లో కరువు. వీబీఆర్ పెడితే, అంటే బిట్‌రేట్ మారుతూ ఉండేలా పెడితే కొంత సర్దుబాటు అవుతుంది. అయినా సగటు ఎంత ఉండాలో ముందే మీరు ఊహించి చెప్పాల్సిందే.

చీకటి స్టేజీ మీద నీలం లైటు పడినప్పుడు వెనకాల చారలు చారలుగా, గళ్లు గళ్లుగా కనిపించడం చూసే ఉంటారు. కెమెరా బాలేదని చాలామంది అనుకుంటారు. చాలాసార్లు తప్పు కెమెరాది కాదు, చివర్లో చేసిన ఎన్‌కోడింగ్‌ది. లక్షలు పోసి ఫుల్‌ఫ్రేమ్ కెమెరా కొని, చివరి మెట్టు మీద నాణ్యత పోగొట్టుకోవడం బాధాకరమే కదా.

టైమ్ ఎంత కలిసొస్తుంది?

ఒక ఊహా లెక్క చూద్దాం. మూడు గంటల వీడియో అంటే 2,70,000 ఫ్రేములు. మీ సిస్టమ్ సెకనుకి 40 ఫ్రేములు రెండర్ చేయగలదు, 30 ఫ్రేములు ఎన్‌కోడ్ చేయగలదు అనుకుందాం. మధ్య ఫైల్ పద్ధతిలో రెండర్‌కి 1 గంట 52 నిమిషాలు, ఎన్‌కోడ్‌కి 2 గంటల 30 నిమిషాలు. మొత్తం 4 గంటల 22 నిమిషాలు. ఫ్రేమ్‌సర్వింగ్‌లో రెండు పనులూ పక్కపక్కనే నడుస్తాయి కాబట్టి అన్నీ కలిసొస్తే 2 గంటల 30 నిమిషాల్లో అయిపోవచ్చు.

"అన్నీ కలిసొస్తే" అనడానికి కారణం ఉంది. రెండర్ భారం గ్రాఫిక్స్ కార్డు మీద, ఎన్‌కోడ్ భారం ప్రాసెసర్ మీద పడితేనే ఈ లాభం పూర్తిగా దక్కుతుంది. రెండూ ప్రాసెసర్ కోర్ల కోసమే కొట్టుకుంటే రెండూ నెమ్మదిస్తాయి. అప్పుడు వచ్చే టైమ్ ఈ రెండు అంకెల మధ్య ఎక్కడో ఉంటుంది. కాబట్టి ఫ్రేమ్‌సర్వింగ్ వల్ల స్పీడ్ తప్పకుండా పెరుగుతుందని చెప్పను. డిస్క్ జాగా మాత్రం తప్పకుండా మిగులుతుంది.

దీనికీ చిక్కులున్నాయి

ఫ్రేమ్‌సర్వింగ్‌ని మెచ్చుకునేవాళ్లు సాధారణంగా దాటేసే విషయాలు ఇవి. ఇవి తెలియకుండా దిగితే ఇబ్బందే.

మొదటిది కరెంటు. మధ్య ఫైల్ ఒకసారి రాసేశాక ఎన్‌కోడ్ మధ్యలో కరెంటు పోయినా రెండర్ మిగిలే ఉంటుంది. ఫ్రేమ్‌సర్వింగ్‌లో అలా కాదు. రెండో గంటలో సిస్టమ్ ఆగిపోతే మళ్లీ మొదట్నుంచీ మొదలుపెట్టాలి. యూపీఎస్ లేని డెస్క్‌టాప్‌లో దీన్ని నేను సిఫారసు చేయను. ఇంకో జాగ్రత్త: ఔట్‌పుట్‌ని ఎంకేవీలో రాయించండి. మామూలు ఎంపీ4లో ఫైల్‌కి కావాల్సిన సూచిక చివర్లో పడుతుంది కాబట్టి, మధ్యలో ఆగితే ఆ ఫైల్ మామూలుగా తెరుచుకోదు. ఎంకేవీ అయితే ఆగినంత వరకూ ప్లే అవుతుంది. పని పూర్తయ్యాక మళ్లీ ఎన్‌కోడ్ చేయకుండానే ఎంపీ4లోకి మార్చుకోవచ్చు.

రెండోది టూ పాస్. ఎన్‌కోడర్ రెండుసార్లు వీడియో చూడాలంటే, మధ్యలో ఫైల్ లేదు కాబట్టి ఎడిటర్ మొత్తం టైమ్‌లైన్‌ని రెండుసార్లు రెండర్ చేయాలి. ఎఫెక్టులు ఎక్కువున్న ప్రాజెక్టులో ఇది దండగ. ఫ్రేమ్‌సర్వింగ్‌కి సరైన జోడీ సీఆర్ఎఫ్‌తో సింగిల్ పాసే.

మూడోది రంగులు. ఫ్రేమ్ చేతులు మారేటప్పుడు ఆర్‌జీబీ నుంచి వైయూవీకి మారాల్సి రావచ్చు. హెచ్‌డీ వీడియోకి వాడాల్సింది రెక్ 709 లెక్క. ఎక్కడో ఒకచోట పాత ఎస్‌డీ లెక్క 601 దూరితే ఎరుపు, ఆకుపచ్చ కాస్త తేడాగా వస్తాయి. పట్టుచీర రంగు మారితే పెళ్లివాళ్లు ఊరుకుంటారా! అలాగే నలుపు, తెలుపు హద్దులు 16 నుంచి 235 వరకా, 0 నుంచి 255 వరకా అన్నది రెండు వైపులా ఒకేలా ఉండాలి. లేకపోతే వీడియో తెల్లగా పాలిపోవడమో, నీడలన్నీ నల్లగా ముద్దవడమో జరుగుతుంది. అందుకే మొత్తం ప్రాజెక్టు పెట్టేముందు ఒక నిమిషం ముక్క చేసి, టీవీలో చూసి, అప్పుడు అసలు పనికి దిగండి.

నాలుగోది, ఫ్రేములు అందిస్తున్నంతసేపూ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ బిజీ. ఆ మూడు గంటలూ దాంట్లో ఇంకో ప్రాజెక్టు పని చేసుకోలేరు.

ఐదోది, అన్ని ఎన్‌కోడర్లూ ఆ దారి చూపే ఫైల్‌ని అర్థం చేసుకోవు. హ్యాండ్‌బ్రేక్ నేరుగా తీసుకోదు. మధ్యలో ఏవీసింత్ స్క్రిప్ట్ పెట్టి మీగుయ్ లాంటి దాంతో గానీ, ఏవీసింత్ సపోర్ట్ ఉన్న ఎఫ్ఎఫ్ఎంపెగ్‌తో గానీ చేయాలి. పైగా ఇదంతా విండోస్ వ్యవహారం. మ్యాక్ వాడేవాళ్లకి ఈ దారి లేదు.

ఎవరికి పనికొస్తుంది, ఎవరికి అక్కర్లేదు?

యూట్యూబ్ కోసం పది నిమిషాల వీడియోలు చేసేవాళ్లకి అక్కర్లేదు. మీరు ఎంత శ్రద్ధగా ఎన్‌కోడ్ చేసినా యూట్యూబ్ మళ్లీ తనదైన పద్ధతిలో ఎన్‌కోడ్ చేసుకుంటుంది. గ్రాఫిక్స్ కార్డులోని హార్డ్‌వేర్ ఎన్‌కోడర్‌తో కాస్త ఎక్కువ బిట్‌రేట్ పెట్టి పంపేయండి, చాలు.

ఒకే వీడియోని నాలుగు రకాలుగా ఇవ్వాల్సినవాళ్లకి మధ్య ఫైలే మేలు. టీవీకి ఒకటి, యూట్యూబ్‌కి ఒకటి, వాట్సాప్‌కి ఒకటి, పెన్‌డ్రైవ్‌కి ఒకటి అంటే ఒకసారి రెండర్ చేసి పెట్టుకుని దాన్నుంచే అన్నీ తీయడం తెలివైన పని. ఏడాది తర్వాత మళ్లీ కాపీ అడుగుతారని తెలిసినా అంతే. ఆ ఫైల్‌ని అప్పుడు వృథా అనకూడదు, అది మాస్టర్ కాపీ.

పొడవైన ప్రోగ్రామ్, ఒకే ఒక్క ఫైనల్ ఔట్‌పుట్, 512 జీబీ ఎస్ఎస్‌డీతో నడుస్తున్న ల్యాప్‌టాప్, నాణ్యత మీద పట్టుదల.. ఈ నాలుగూ ఉన్నవాళ్లకి మాత్రం ఫ్రేమ్‌సర్వింగ్ వరం. పెళ్లిళ్లు, నాటకాలు, ఆలయ ఉత్సవాలు, కాలేజీ ఫంక్షన్లు తీసే చిన్న స్టూడియోల్లో చాలామంది ఈ లిస్టులోకే వస్తారు.

ఒక భయం మాత్రం పక్కన పెట్టండి. పెద్ద ఫైళ్లు రాస్తే ఎస్ఎస్‌డీ అరిగిపోతుందని చెప్పి ఫ్రేమ్‌సర్వింగ్‌ని అమ్మేవాళ్లు ఉన్నారు. 300 టీబీ రాతలకి రేటింగ్ ఉన్న 500 జీబీ డ్రైవ్ మీద 250 జీబీ ఫైళ్లు 1,200 సార్లు రాయొచ్చు. ఏడాదికి వంద పెళ్లిళ్లు చేసినా ఆ లెక్కకి పన్నెండేళ్లు. సమస్య అరుగుదల కాదు, జాగా. సోర్స్ క్లిప్పులు ఉండాల్సిన చోట ఈ మధ్య ఫైల్ వచ్చి కూర్చోవడమే అసలు ఇబ్బంది.

కంపెనీలకి తెలియక కాదు

నన్ను ఎక్కువ చిరాకు పెట్టేది ఇదే. ఫ్రేముల్ని నేరుగా అందించడం మంచిదని పెద్ద కంపెనీలకి బాగా తెలుసు. అడోబీ డైనమిక్ లింక్ చేసే పని ఏంటి? ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లోని కంపోజిషన్‌ని మధ్యలో రెండర్ ఫైల్ లేకుండా ప్రీమియర్‌లోకి తేవడం, ప్రీమియర్ సీక్వెన్స్‌ని అలాగే మీడియా ఎన్‌కోడర్‌కి ఇవ్వడం. ఆపిల్ ఫైనల్ కట్ ప్రోలో ప్రాజెక్టుని నేరుగా కంప్రెసర్‌కి పంపే ఆప్షన్ ఉంది. ఇదంతా ఫ్రేమ్‌సర్వింగే, పేరు వేరంతే. తేడా ఏంటంటే, ఫ్రేములు వాళ్ల ఇంట్లో ఒక గది నుంచి ఇంకో గదికి మాత్రమే వెళ్తాయి. గుమ్మం దాటి బయటి ఎన్‌కోడర్ దగ్గరికి వెళ్లాలంటే ఎవరో ఒక డెవలపర్ ప్లగిన్ రాయాలి.

అలాంటి ప్లగిన్లు ఉన్నాయి, బాగున్నాయి కూడా. వౌకోడర్ అనే ఎక్స్‌పోర్ట్ ప్లగిన్ ప్రీమియర్, వేగాస్ లాంటి వాటి లోపలే ఎఫ్ఎఫ్ఎంపెగ్ ఎన్‌కోడర్లని నడిపిస్తుంది. దారి చూపే ఫైల్, స్క్రిప్ట్ ఏవీ అక్కర్లేదు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి నా సలహా ముందు ఇలాంటిదే ప్రయత్నించమని. కానీ డావిన్చీ రిజాల్వ్‌లో బయటి ఎన్‌కోడర్ ప్లగిన్లు డబ్బులు పెట్టి కొనే స్టూడియో వెర్షన్‌లోనే పనిచేస్తాయి, ఉచిత వెర్షన్‌లో కాదు. పైగా ఇలాంటి ప్లగిన్ల వెనక ఉండేది పెద్ద టీమ్ కాదు, తరచూ ఒకరిద్దరే. అసలు వర్చువల్‌డబ్ అప్‌డేట్లు 2013 తర్వాత ఆగిపోయాయి, తర్వాత ఇంకొకరు దాన్ని అందుకుని వర్చువల్‌డబ్2గా నడిపించాల్సి వచ్చింది. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ వచ్చి ప్లగిన్ పనిచేయకపోతే, పెళ్లిళ్ల సీజన్ మధ్యలో ఎవరిని అడగాలి?

ఇదేదో సాధ్యం కాని కోరిక కూడా కాదు. షాట్‌కట్, కేడెన్‌లైవ్ అనే ఉచిత ఎడిటర్లు చూడండి. ఎఫ్ఎఫ్ఎంపెగ్ ద్వారా ఎక్స్264తో నేరుగా ఎన్‌కోడ్ చేస్తాయి, నాణ్యతని బట్టి ఎక్స్‌పోర్ట్ చేసుకునే వీలూ ఇస్తాయి. అక్కడ ఫ్రేమ్‌సర్వింగ్ అవసరమే పడదు. రూపాయి తీసుకోని సాఫ్ట్‌వేర్ ఇవ్వగలిగింది నెలనెలా చందా కట్టించుకునే సాఫ్ట్‌వేర్ ఇవ్వలేదా?

అందుకే సాఫ్ట్‌వేర్ కంపెనీల నుంచి కావాల్సింది పెద్దదేం కాదు. ఎక్స్‌పోర్ట్ విండోలో "బయటి ఎన్‌కోడర్‌కి పంపు" అనే ఒక్క ఆప్షన్. ఫ్రేముల్ని పైపు ద్వారా ఇంకో ప్రోగ్రామ్‌కి ఇవ్వడానికి వై4ఎం లాంటి సాదా ఫార్మాట్ ఎప్పట్నుంచో ఉంది, ఎక్స్264 దాన్ని అలాగే చదువుకుంటుంది. గ్యాడ్జెట్ రివ్యూలు రాసేవాళ్లు చేయాల్సింది ఇంకా సులువు. ఎక్స్‌పోర్ట్ టైమ్ అని ఒక్క అంకె ఇవ్వకుండా రెండర్ ఎంత, ఎన్‌కోడ్ ఎంత, వాడిన ఎన్‌కోడర్ ఏది అని విడదీసి రాయాలి. అప్పుడే కొనేవాళ్లకి తమ డబ్బు గ్రాఫిక్స్ కార్డు మీద పెట్టాలో, ప్రాసెసర్ మీద పెట్టాలో తెలుస్తుంది.

ఇక మీరు. ఎక్స్‌పోర్ట్ సమయంలో డిస్క్ ఫుల్ అని మెసేజ్ వచ్చిందని కొత్త డ్రైవ్ కార్ట్‌లో వేసే ముందు, ఆ డిస్క్‌ని నింపుతున్న ఫైల్ ఏదో ఒకసారి చూడండి. అది పని అయ్యాక మీరే డిలీట్ చేసే ఫైల్ అయితే, ఒక నిమిషం క్లిప్‌తో ఫ్రేమ్‌సర్వింగ్ ప్రయత్నించండి. పనిచేస్తే ఆ డబ్బు ముందు యూపీఎస్‌కి వాడండి.